అద్దం కాపీ

కాల్పులమ్మ ఇల్లెక్కడ అని అడిగితే ఆ వీధిలో ఎవరైనా చూపిస్తారు. కొత్తవాళ్లు మాత్రం ఆ పేరు వినగానే ఒక అడుగు వెనక్కి వేస్తారు. నిజానికి ఆమె తుపాకీని దగ్గర నుంచి చూసి కూడా ఎరగదు. కరెంటుతో ఎర్రబడే ఇనుప మొన ఒకటి చేతపట్టుకుని చెక్క మీద బొమ్మలు కాలుస్తుంది, అంతే. తలుపు పలకల మీద ఇంటి పేర్లు, దుకాణాలకు బోర్డులు, రిటైరయ్యేవాళ్లకు తోటి ఉద్యోగులు ఇచ్చే జ్ఞాపికలు. కాల్చినది చెరగదు. అందుకే ఆ పనిలో చెయ్యి కన్నా ముందు మనసు కుదురుగా ఉండాలని ఆమె అనుకునేది. అలా అనుకునేవాళ్ల మనసు ఎంత కుదురుగా ఉంటుందో వేరే చెప్పాలా!

ఆ ఇంటికి ఇంకో పేరు కూడా ఉంది. అది ఎవరూ ఎదురుగా అనరు. తెలియనివాళ్లు అనేస్తారు. "ఖాళీ పడవ వాళ్ల ఇల్లు ఇదేనా?" అని ఎవరైనా గుమ్మంలోంచి అడిగితే లోపలి గదిలో కుట్టు మిషను దగ్గర నుంచి ఆమె తండ్రి తల ఎత్తకుండానే జవాబిస్తాడు. "ఇక్కడ పడవల్లేవు. బట్టలు కుడతారు."

యాభై ఏళ్ల కిందట ఒక తెల్లవారుజామున ఏరు ఊరి మీద పడింది. పల్లపు వీధులు ఇంటి కప్పుల దాకా మునిగాయి. ఆమె తాత పడవ నడిపేవాడు. వెలుగు రాకముందే భార్యనూ ఆరేళ్ల కొడుకునూ గుట్ట మీదికి చేర్చాడు. తర్వాత పడవ తిప్పుకుని వెళ్లాడు. "కప్పుల మీదున్న జనం కోసం వెళ్లాడు" అని నానమ్మ చచ్చేదాకా చెప్పింది. కానీ పొద్దెక్కాక గిడ్డంగి మీదికెక్కిన ఫొటోగ్రాఫరు ఒక్క ఫొటో తీశాడు. ఎటు చూసినా నీళ్లు, నీళ్ల మీద తేలుతున్నట్టు రెండు మూడు ఇంటి కప్పులు, మధ్యలో ఒక పడవ, పడవలో గడ పట్టుకుని ఒకే ఒక్క మనిషి. పడవ కుడివైపుకి పోతోంది. గిడ్డంగి మీద నిలబడి చూస్తే కుడివైపున ఉండేది గుట్ట, ఎడమవైపున ఉండేది పల్లం. మర్నాడు పేపర్లో ఆ ఫొటో కింద "ఖాళీ పడవతో గుట్టకు" అని మూడే మాటలు వేశారు. ఆ వరుస కప్పుల మీద ఉన్న పదకొండు మందిలో ఎవరూ మిగల్లేదు. తాత కూడా మిగల్లేదు. రెండు రోజుల తర్వాత ఏటి దిగువన దొరికాడు. దొరికినవాడు మాట్లాడడు కదా. ఫొటోయే మాట్లాడింది.

గ్రంథాలయం వసారాలో ఆ ఫొటో ఇప్పటికీ వేలాడుతోంది. యాభై ఏళ్లు నిండిన సందర్భంగా దాన్నే ఆరడుగుల చెక్క మీద కాల్పించి, పదకొండు మంది జ్ఞాపకార్థం హాల్లో పెట్టాలని గ్రంథాలయం కమిటీ అనుకుంది. కమిటీ పెద్ద ఆమెకు చరిత్ర చెప్పిన మేష్టారే. కింద ఆ మూడు మాటలున్న ఫొటో ప్రతి ఒకటి పట్టుకుని ఆయన స్వయంగా వచ్చి అడిగాడు.

"నీకు ఇంకే బొమ్మా దొరకలేదా అమ్మడూ?" అన్నాడు తండ్రి ఆ సాయంత్రం.

"నేను కాదంటే ఇంకొకరు కాలుస్తారు నాన్నా. వాళ్లు తాతని ఎలా కాలుస్తారో ఏమో."

"ఎలా కాల్చినా అదే పడవ, అదే దారి" అని ఆయన లేచి వెళ్లిపోయాడు. ఆ పని ముందు గదిలో సాగిన మూడు వారాలూ ఆయన అందులోకి అడుగు పెట్టలేదు. వీధిలోకి వెళ్లాలన్నా పెరటి తలుపు లోంచి చుట్టూ తిరిగి వెళ్లాడు.

ఆమె పని తీరు ఇది. ముందు ఫొటోని పెద్దదిగా జిరాక్సు తీయిస్తుంది. ఆ కాగితాలను చెక్క మీద బోర్లా పరిచి, వెనక నుంచి ఇస్త్రీ పెట్టె నొక్కుతుంది. వేడికి నలుపు చెక్కకు అంటుకుంటుంది. కానీ బోర్లా పరిచినది తిరగబడి అంటుతుంది కాబట్టి, జిరాక్సే ముందుగా తిరగేసి తీయాలి, అద్దంలో కనిపించినట్టు. దాన్ని ఆమే, జిరాక్సు కొట్టాయనా "అద్దం కాపీ" అంటారు. అప్పుడు చెక్క మీద బొమ్మ సరిగ్గా పడుతుంది. తర్వాత ఆ నల్లగీతల వెంట మొనతో కాల్చుకుంటూ పోవడమే.

ఈసారి ఫొటోని ఆమె పూర్తిగా చూడలేదు. జిరాక్సు కొట్లో ఇచ్చేటప్పుడు ఒకసారి, కింద ఉన్న మూడు మాటలూ కాగితంలో రాకుండా మడిచేటప్పుడు ఇంకోసారి. అంతే, సొరుగులో పెట్టి సొరుగు మూసేసింది. చెక్క మీద కూడా ఎంత మేర కాలుస్తోందో అంతే వదిలి మిగతాదంతా పాత దుప్పటితో కప్పేది. ఒక మూల నీళ్లు. ఒక కప్పు. ఇంకొంచెం నీళ్లు. నీళ్లు కాల్చడం ఎంత తమాషా అనిపించిందో! పొగ కళ్లల్లోకి పోతుంటే బల్లమీది ఫ్యాను వైపు మొహం తిప్పుకునేది. పొగ వల్లనే కళ్లల్లో నీళ్లని తనకు తానే చెప్పుకునేది. పడవని మాత్రం ముట్టలేదు. చివరికి చూద్దాంలే అని దాని మీద దుప్పటి కప్పే ఉంచింది.

ఆదివారం ఆవిష్కరణ అనగా శుక్రవారం పొద్దున్నే మేష్టారు చూడటానికి వచ్చాడు. కళ్లజోడు తుడుచుకుని, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఆమె దుప్పటి తీసింది. పడవ ఉన్నచోట ఇంకా కాల్చని నల్లగీతలే ఉన్నాయి. మిగతా చెక్కంతా గోధుమరంగు నీళ్లు.

"భలే చేశావమ్మా" అన్నాడు. అన్నాక నోరు మూసుకోవడం మర్చిపోయాడు. వేలితో గాల్లో అటూ ఇటూ చూపించి, "ఇదేమిటి, ఇది... ఇది తిరగబడిందే!"

"ఏది మేష్టారూ?"

"ఏదేమిటి? మొత్తం! పడవ గుట్ట వైపు కదా పోవాలి? ఇక్కడ పల్లంలోకి పోతోంది."

ఆమె సొరుగు లాగి ఫొటో తీసింది. పడవ కుడికి. చెక్క వైపు చూసింది. పడవ ఎడమకి. మూడు వారాలు నీళ్లూ కప్పులూ అన్నీ తిరగేసి కాల్చింది.

"పొరపాటు మేష్టారూ. నిజంగా నాకు తెలీదు."

"యాభై ఏళ్ల తర్వాత, మీ ఇంట్లో, సరిగ్గా మీకు కావలసిన పొరపాటే జరిగిందా?" మేష్టారు కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. "నువ్వు కావాలని చేశావని నేననను తల్లీ. నిన్ను బడిలో చూశాను. కానీ ఊరు అంటుంది. చరిత్రని కూడా చొక్కాలాగ తిరగేసి తొడుగుతారా అని మీ నాన్నని కలిపి అంటుంది."

ఆయన చెక్క దగ్గరికి వంగి, గొంతు తగ్గించి అన్నాడు. "నీళ్లు ఎటు తిప్పినా నీళ్లే. కప్పులని ఎవరూ గుర్తుపట్టరు. పడవ ఇంకా కాల్చలేదుగా? అది గీకేసి కుడివైపుకి తిప్పి వేసెయ్. రేపు సాయంత్రానికి అవుతుందా?"

"అవుతుంది" అంది ఆమె.

ఆయన వెళ్లగానే మొదట జిరాక్సు కొట్టుకి పరిగెత్తింది. ఆమె ఫొటో ఇచ్చిన రోజు కొట్లో ఉన్నది కొట్టాయన కాదు, ఆయన బావమరిది. ఇవాళా అతనే ఉన్నాడు.

"నేనేమని అడిగాను బాబూ నిన్ను? గుర్తుందా?"

"ఎందుకు లేదక్కా? అడ్డం కాపీ అన్నారు. అడ్డంగా తీసిచ్చాను. ఆరు కాగితాలు. సరిగ్గా రాలేదా?"

"అద్దం అన్నానయ్యా. అద్దం!"

"అద్దమా?" అతను కొట్లో గోడనున్న అద్దం వైపు అనుమానంగా చూశాడు. "మీకు ఆ రోజు జలుబు కదక్కా. ముక్కుతో మాట్లాడారు. నాకు అడ్డమనే వినబడింది. మా బావ వచ్చాక అడగండి కావాలంటే, నేను చెప్పింది చెప్పినట్టే చేస్తానని ఆయనే తిడుతుంటాడు."

ఆమెకి నవ్వొచ్చింది. ఏడుపు రావలసిన చోట నవ్వు రావడం ఆమెకి కొత్త కాదు. ఇంటికి నడుస్తుంటే మాత్రం ఆ నవ్వు అరిగిపోయింది. జలుబు నిజమే. కానీ కాగితాలు చేతికి వచ్చాక చూసుకోవచ్చు. ఇస్త్రీ చేశాక చూసుకోవచ్చు. పదిహేనేళ్లుగా చూసుకుంటూనే ఉంది, ఒక్కసారి కూడా పొరపాటు పడలేదు. ఈసారి ఎందుకు చూడలేదు? సొరుగు ఎందుకు మూసింది? దుప్పటి ఎందుకు కప్పింది? మనసు తనకు కావలసినది తెచ్చుకోవడానికి చేతిని పంపదు, కళ్లని మూయిస్తుంది, అంతే చాలు. పొరపాటు అన్న మాట ఎంత వీలైన మాట! దాని వెనక మనిషి మొత్తం దాక్కోవచ్చు. తాతని తనే వెనక్కి తిప్పి పంపింది. పల్లంలోకి, కప్పుల మీది పదకొండు మంది దగ్గరకి. చిన్నప్పుడు పలక మీద కూడా పడవని అటే గీసేది.

ఇంటికి చేరి గరుకు కాగితం తీసింది. చెక్క ముందు మోకాళ్ల మీద కూర్చుంది. గీతలే కాబట్టి చాలా తేలిక. పది నిమిషాలు రుద్దితే తాత పోతాడు. మళ్లీ కుడివైపుకి గీసి, రేపటికి కాల్చెయ్యొచ్చు. ఈసారి తన చేత్తో, తెలిసి, కళ్లు తెరుచుకుని. కాల్చినది చెరగదు.

గరుకు కాగితం పడవ ముక్కు మీద పెట్టింది.

"ఏం జరిగింది?" అని వెనక నుంచి వినబడింది. తండ్రి గుమ్మంలో నిలబడ్డాడు. మెడలో టేపు వేలాడుతోంది. "మేష్టారు మొహం మాడ్చుకుని వెళ్లాడని పక్కింటావిడ అంటే వచ్చాను."

"తప్పు చేశాను నాన్నా. బొమ్మ తిరగబడింది. సరిచేస్తున్నాను."

ఆయన గుమ్మం దాటి రావాలా వద్దా అన్నట్టు కాసేపు నిలబడ్డాడు. తర్వాత వచ్చాడు. చెక్క ముందు నిలబడి నీళ్లని చూడలేదు, కప్పుల్ని చూడలేదు. ఎవరైనా కొత్త మనిషి గుమ్మంలో నిలబడితే ఆయన ముందు చూసేదే చూశాడు. చొక్కా.

"ఆగు" అన్నాడు. ఆమె చేతిలోంచి గరుకు కాగితం లాగేసుకున్నాడు.

"నాన్నా..."

"ఆగమన్నానా! జేబు చూడు."

చూసింది. గడ పట్టుకున్న మనిషి మొహం ఇటు తిప్పి ఉన్నాడు. లేతరంగు చొక్కా మీద నల్లటి జేబు ఒకటి అతికించినట్టుంది.

"మా అమ్మ వేసింది అది. చిరిగిపోతే నల్లగుడ్డ ముక్క దొరికితే దాంతోనే వేసింది. నాన్న నన్నెత్తుకుంటే ఆ జేబు మీదే నా చెంప. అందులో అగ్గిపెట్టె గుచ్చుకునేది." ఆయన తన గుండె మీద ఎడమవైపు తట్టుకున్నాడు. "ఇక్కడ. మగవాళ్ల చొక్కాకి ఇక్కడే. నలభై ఏళ్లుగా కుడుతున్నాను, ఒక్కడికి కూడా కుడివైపు వెయ్యలేదు. ఇందులో ఎటుంది?"

"ఎడమ... ఆయనకి ఎడమవైపే ఉంది."

"ఫొటో ఏది? తియ్."

ఆమె ఫొటో అందించింది. ఆయన దాన్ని కళ్లకి దగ్గరగా పెట్టుకున్నాడు. అప్పుడు ఆమెకి తెలిసింది, తండ్రి ఈ ఫొటోని ఇంత దగ్గరగా చూడటం ఇదే మొదటిసారి. గ్రంథాలయం వసారాలో ఎప్పుడూ తల దించుకునే నడిచాడు. ఊరంతా పడవనే చూసింది. చొక్కా చూడగలిగిన ఒకే ఒక్క మనిషి చూడలేదు.

"కుడివైపు ఉంది" అన్నాడు. "గుండీల పట్టీ కూడా చూడు, ఆడవాళ్ల రవిక పట్టీలా అటు మూసుకుంటోంది. ఇది తిరగబడిన ఫొటో అమ్మడూ. తప్పు నీది కాదు. తప్పు దీనిదే. నువ్వు తిరగబడినదాన్ని మళ్లీ తిరగేశావు."

తండ్రి నేల మీద ఆమె పక్కనే చతికిలబడ్డాడు.

"నీకొకటి చెప్పలేదు ఎప్పుడూ" అన్నాడు. "నాన్న పడవ తిప్పుతుంటే నేను ఒడ్డు మీద నుంచి అరిచాను. తొందరగా వచ్చెయ్, తొందరగా వచ్చెయ్ అని. గొంతు పోయేదాకా అరిచాను. మర్నాడు పేపర్లో ఖాళీగా తిరిగి వస్తున్నాడని వేశారు కదా. నా అరుపు విని వచ్చేస్తున్నాడనుకున్నాను. వాళ్లనందర్నీ వదిలేసి, నా కోసం."

"యాభై ఏళ్లు అలాగే అనుకున్నావా?"

"ఇంకేమనుకోను? ఫొటో ఉందిగా."

ఇద్దరూ వెళ్లి చెబితే మేష్టారు ఒప్పుకోలేదు. ఒప్పుకోలేదంటే కాదన్నాడని కాదు. ఆయన చరిత్ర చెప్పినవాడు, జేబు ఒక్కటి చాలదన్నాడు. "మీ దర్జీపని మీద నాకు గౌరవం ఉందయ్యా. కానీ ఆ ఒక్క చొక్కాకి కుడివైపు వేసి ఉండొచ్చుగా మీ అమ్మగారు?"

"మా అమ్మని కుట్టుపనిలో ఏమన్నా అంటే నేనూరుకోను మేష్టారూ" అన్నాడు తండ్రి. ఆ గొంతులో ఏదో కొత్తదనం ఉంది. మేష్టారు కూడా గమనించి తేరిపార చూశాడు.

ముగ్గురూ కలిసి ఊళ్లోని ఫొటో స్టూడియోకి వెళ్లారు. ఆ ఫొటో తీసినాయన ఇదే స్టూడియోలో పని చేసి, మరుసటి ఏడాదే ఇంకో ఊరికి పోయాడు. ఇప్పుడు స్టూడియో నడిపేది అప్పటి యజమాని కూతురు. అందరూ స్టూడియో అక్క అంటారు. ఆమె బీరువాలోంచి అట్టపెట్టెలు ఒకదాని మీద ఒకటి దింపి, తుమ్మి, తిట్టుకుని, ఆఖరికి పసుపుపచ్చ కవరు ఒకటి తెరిచింది.

"ఇదేనా మీరడిగిన వరద? ఎవరూ అడగలేదు దీన్ని. ఫొటో ఎలాగూ గోడనుందిగా అని."

నెగెటివ్‌ని దీపం పెట్టె మీద పెట్టింది. తెలుపు నలుపుగా, నలుపు తెలుపుగా కనిపించింది. తెల్లగా ఉండవలసిన ఆకాశం బొగ్గులా ఉంది. పడవలో నల్ల చొక్కా మనిషి, ఆ చొక్కా మీద తెల్లటి జేబు.

"ఇది ఎటువైపు సరైనదో ఎలా తెలుస్తుందమ్మా?" అన్నాడు మేష్టారు. అడిగేటప్పుడు ఆయన గొంతే ఆయనకి నచ్చలేదేమో, ఒకసారి దగ్గాడు.

"సులువే మేష్టారూ. అంచున అంకెలుంటాయి, ఫిల్ము కంపెనీవాళ్లు వేసినవి. అంకెలు తిన్నగా కనబడితే బొమ్మ కూడా తిన్నగా ఉన్నట్టు. తిరగేసి ప్రింటు వేస్తే బొమ్మ తిరగబడుతుంది, అంకెలున్న అంచు ప్రింటులో రాదు కాబట్టి ఎవరికీ తెలియదు. తొందర్లో కొత్తవాళ్లు చేసే తప్పే." ఆమె నెగెటివ్‌ని వేలితో తిప్పింది. అంచున పదిహేడు అని తిన్నగా కనబడింది. "ఇదిగో."

పడవ ఎడమవైపుకి పోతోంది. పల్లంలోకి.

ముగ్గురూ దీపం పెట్టె మీదికి వంగారు. స్టూడియో అక్కకి ఏమీ తెలియదు కాబట్టి ఆమే అడగవలసి వచ్చింది. "ఏమైంది? ఎవరైనా పోయారా?"

"లేదమ్మా" అన్నాడు తండ్రి. "వెళ్తున్నాడు."

మేష్టారు బయటికి వచ్చి మెట్ల మీద ఆగిపోయాడు. ముప్పై ఏళ్లు ఆ ఫొటో చూపించి పిల్లలకి పాఠం చెప్పాడు. కాల్పులమ్మకీ చెప్పాడు. ఆ రోజు క్లాసులో ఆమె మూడో బల్ల మీద కూర్చుని ఉంది. ఆ సంగతి ఇద్దరికీ గుర్తే. "నిన్న నీతో ఒక మాటన్నాను" అని మొదలుపెట్టాడు.

"ఇవాళ పొద్దున్నే అన్నారు మేష్టారూ" అంది ఆమె.

"ఇవాళేనా?" అన్నాడు ఆశ్చర్యంగా. "నాకు నిన్నలా ఉంది." తర్వాత, "ఆ గోడమీది ఫొటో నేనే దింపుతాను" అని, ఆమె తల మీద ఒకసారి చెయ్యి పెట్టి వెళ్లిపోయాడు.

శనివారం పొద్దున్న ఆమె మొన వేడెక్కించింది. ముందు గదిలోకి తండ్రి స్టూలు తెచ్చుకుని కూర్చున్నాడు. భయం పోయాక చెయ్యి ఎంత బరువు తగ్గుతుందో అప్పుడు ఆమెకి తెలిసింది. ముందు రాత్రి పడుకున్నాక కూడా ఒక ఆలోచన మెల్లగా గుచ్చింది. పొరపాటు జలుబుదా, మనసుదా? జవాబు దొరకలేదు. దొరకకపోయినా నిద్ర పట్టింది.

గడ కాల్చింది. పడవ అంచు కాల్చింది. చొక్కా దగ్గరికి రాగానే తండ్రి ముందుకి వంగాడు.

"జేబుకి రెండు వరసల కుట్టు ఉండేది. మా అమ్మ ఒక్క వరస ఎప్పుడూ నమ్మేది కాదు."

"ఇంత చిన్న బొమ్మలో కుట్టు ఎవరికి కనిపిస్తుంది నాన్నా?"

"నాకు కనిపిస్తుంది. వెయ్యి."

వేసింది. సూదంత మొనతో, ఊపిరి బిగబట్టి, చుక్క తర్వాత చుక్క.

"అగ్గిపెట్టె" అన్నాడాయన.

"ఏమిటి?"

"జేబులో ఉబ్బుగా ఉండాలి. కొంచెం. ఆ మూల." ఆయన వేలు చూపించబోయి, వేడి మొన గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు. "అది తడవకుండా జేబుకి మూత కూడా కుట్టమని నాన్న అడిగితే అమ్మ రేపు రేపని వాయిదా వేసింది. ఆ మాట తల్చుకునే ఏడ్చేది పాపం. ఇంక దేనికీ అంతలా ఏడవలేదు."

ఆదివారం పొద్దున్నే చెక్కని తీసుకెళ్లడానికి గ్రంథాలయం నుంచి తోపుడు బండితో ఇద్దరు వచ్చారు. ఎవరో కొత్తవాళ్లు. వీధిలో నిలబడి అటూ ఇటూ చూసి, ఆఖరికి ఒకడు గుమ్మంలోకి తల పెట్టాడు.

"ఏమండీ, ఖాళీ పడవ వాళ్ల ఇల్లు ఇదేనాండీ?"

లోపల ఆమె దుప్పటి చుడుతున్నదల్లా ఆగిపోయింది. కుట్టు మిషను చప్పుడు కూడా ఆగింది.

"ఇదేనయ్యా" అన్నాడు తండ్రి. "రండి లోపలికి. ఒక్క మాట, దాన్ని ఎడమ వైపు నుంచి ఎత్తండి. గుద్దుకోకుండా తీసుకెళ్లండి. అందులో మా నాన్న ఉన్నాడు."